ఒక్క క్వెరీతో కీర్తిశేషులు

నా చేతిమీదుగా ఒక ఉదయం నాలుగు వందల మంది పైచిలుకు చనిపోయారు. ఇడ్లీ తిని వచ్చి కూర్చుని మొదలుపెట్టాను, పదకొండు గంటల టీ వచ్చేసరికి పని అయిపోయింది. వాళ్లలో చాలామంది తర్వాత ఫోన్ చేసి నాతో మాట్లాడారు కూడా. గోదావరి జిల్లాల వాళ్లు కాబట్టి, తాము చావలేదని చెప్పుకోవడానికి కూడా "ఏమీ అనుకోకండి" అనే మొదలుపెట్టారు. ఒకావిడ మాత్రం ఫోన్ చేయలేదు, మా ఆఫీసు మెట్లెక్కి వచ్చింది. ఆవిడ నుదుటి మీద బొట్టు ఉండాలా వద్దా అన్నది నేను రాసిన రెండు లైన్ల మీదికి వచ్చి పడిందని అప్పుడు తెలిసింది నాకు.

నేను డేటాబేస్‌ల పని చేస్తాను. కాకినాడలో ఒక జిరాక్స్ షాపు మేడ మీద మా ఆఫీసు. ఐస్ ఫ్యాక్టరీల స్టాకు, కాలేజీల హాజరు, ఎరువుల డీలర్ల సరుకు, ఇవన్నీ కంప్యూటర్లో ఎక్కడో ఒకచోట పట్టికలుగా ఉంటాయి. అవి చెడిపోతే బాగుచేయడం మా పని. బాగానే ఉన్నవాటిని ఇంకా బాగుచేయమని ఎవరైనా అడిగితే, చెడగొట్టడం కూడా మా పనే. డేటాబేస్‌ని అడిగే ప్రశ్ననీ, దానికిచ్చే ఆజ్ఞనీ రెండిటినీ క్వెరీ అనే అంటాం. నాకు నోటిదురుసు ఉందని ఆఫీసులో అందరూ అంటారు. నా క్వెరీలకి తిరుగులేదని నేనంటాను. ఇది జరిగేదాకా ఇద్దరి మాటా నిజమే అనుకునేదాన్ని.

నేను చదువుకున్న హైస్కూలుకి ఒక పూర్వ విద్యార్థుల సంఘం ఉంది. ఊరు కాకినాడకి పెద్ద దూరం కాదు, సముద్రానికి మరీ దగ్గర. పొలాలున్న ఇళ్ల పిల్లలం, బోట్లున్న ఇళ్ల పిల్లలం ఒకే బెంచీ మీద కూర్చుని చదువుకున్నాం. సంఘానికి కార్యదర్శి మా లెక్కల మాస్టారు. ఆయన కూడా ఆ స్కూల్లోనే చదివి, అక్కడే పాఠాలు చెప్పి, అక్కడే రిటైరయ్యారు. ఇంట్లో ఖాళీగా కూర్చోలేక సంఘానికి ఒక వెబ్‌సైట్ పెట్టించారు.

ఆ వెబ్‌సైట్ లోపల ఎలా ఉందో చూసిన రోజున నాకు ఒళ్లు మండిపోయింది. పద్ధతి తెలిసినవాళ్లయితే పట్టికలో మనిషికి ఒక వరస పెడతారు. పేరుకి ఒక గడి, చదివిన సంవత్సరానికి ఒక గడి. ఇక్కడ ఒక్కో బ్యాచ్‌ని మొత్తంగా ఒకే గడిలో కుక్కేశారు. అరవై, డెబ్బై పేర్లు, వాటి మధ్య పేజీ ఎలా కనిపించాలో చెప్పే హెచ్‌టీఎమ్‌ఎల్ గుర్తులు, అన్నీ కలిపి ఒక పొడుగాటి అక్షరాల తాడు. ఏ పేరు లావుగా కనిపించాలో దాని ముందు కోణపు బ్రాకెట్ల మధ్య ఒక చిన్న 'బి', వెనక ఇంకో 'బి'. సామర్లకోట స్టేషన్లో జనరల్ పెట్టె ఎలా ఉంటుందో అలా ఉంది ఒక్కో గడి.

మాస్టారు ఫోన్లో అడిగింది చిన్న పనే.

"అమ్మాయ్, మనవాళ్లలో పోయినవాళ్ల పేర్లు బోల్డ్‌లో పెట్టించేను. పేజీ అడుగున సన్న అక్షరాల్లో 'బోల్డ్‌లో ఉన్నవారు దివంగతులు' అని ఒక గమనిక ఉంటుంది. అది ఎవడూ చదవట్లేదు. ఆ గమనిక తీసేసి, పోయినవాళ్ల పేరు ముందు శుభ్రంగా కీ.శే. అని పెట్టెయ్యమ్మా. పోయినవాళ్లకి ఇంతకంటే మనం ఏం చేయగలం?"

ఆయన మాటలో న్యాయం ఉంది. మా వైపు పెళ్లిపత్రికలో తాతగారి పేరు ముందు కీ.శే. పడకపోతే, ఆ పెళ్లిలో భోజనాల దగ్గర ఎంత బాగా వడ్డించినా ఆ మాటే మిగులుతుంది. కీర్తిశేషులు అనిపించుకోవడానికి బతికుండగా కీర్తి ఉండాలన్న నియమం కూడా ఏమీ లేదు. పోతే చాలు.

నేను మూడు పేజీలు తెరిచి చూశాను. మూడింటిలోనూ బోల్డ్ పేర్లు ఉన్నాయి, మూడింటి అడుగునా ఆ గమనిక ఉంది. అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి ఒక్క మెతుకు చాలంటారు, నేను మూడు చూశాను కదా అని ధీమా. క్వెరీ రాశాను. బోల్డ్ గుర్తు ఎక్కడ కనిపిస్తే అక్కడ దాని పక్కన కీ.శే. చేర్చు. అడుగున ఉన్న గమనిక ఏదైనా సరే తీసెయ్యి. రెండు పనులూ ఒకే దెబ్బకి. ఇలాంటి పనికి ముందు పట్టిక నకలు ఒకటి తీసి పక్కన పెట్టుకోవాలి. ఆ మాట ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లకి నేను చాలా గట్టిగా చెబుతాను. రెండు లైన్ల పనికి నకలేమిటని ఆ రోజు నాకు నేను చెప్పుకున్నాను.

నేను చూడని పేజీల సంగతి వేరు. పాత బ్యాచ్‌లు టైప్ చేసిన మనిషి ఒకరు. స్కూలు స్వర్ణోత్సవం అయ్యాక మిగతావి టైప్ చేసినాయన ఇంకొకరు. ఆయన తన పేజీల్లో, ఆ ఉత్సవానికి వచ్చి శాలువా కప్పించుకున్నవాళ్ల పేర్లు బోల్డ్‌లో పెట్టాడు. అడుగున గమనిక కూడా రాశాడు పాపం, 'బోల్డ్‌లో ఉన్నవారు స్వర్ణోత్సవంలో సత్కారం అందుకున్నవారు' అని. ఇంకో ప్రాంతంలో అయితే ఈ పొరపాటు జరిగేది కాదేమో. మా దగ్గర మనిషిని గౌరవించడానికి ఒకటే దారి. పేరు లావుగా రాయాలి, ఫోటో పెద్దగా వేయాలి, దండ వేయాలి. మనిషి ఉన్నాడా పోయాడా అన్నది దానికి అడ్డు రాదు. సెంటర్లో ఫ్లెక్సీ చూసి, పుట్టినరోజో పెద్దకర్మో తేల్చుకోలేక బండి ఆపి దగ్గరికి వెళ్లి చదివినదాన్ని నేను. అయినా నాకు అనుమానం రాలేదు.

మొదటి ఫోన్ మండపేట నుంచి వచ్చింది. రైస్‌మిల్లు ఉన్నాయన.

"ఏమీ అనుకోకండి. మన స్కూలు సైట్లో నేను పోయానని ఉందండి. అంటే, నేనింకా ఉన్నానండి."

"క్షమించండి, సర్వర్‌లో తప్పు జరిగిందండి. ఇప్పుడే తీసేస్తాను."

"తొందరేం లేదులెండి. మా గ్రూపులో ఇందాకట్నుంచీ దండాలు పెడుతున్నారు. ఇరవై ఏళ్లుగా నాతో మాటల్లేని మా పక్క మిల్లాయన, బంగారం లాంటి మనిషి పోయాడని పెట్టేడండి. ఇంకా ఎవరెవరు ఏం పెడతారో చూసి సాయంత్రం చెప్తాను, అప్పుడు తీద్దురుగాని."

అందరూ అంత సరదాగా తీసుకోలేదు. ఒకాయన తల్లి గుండె పట్టుకుందట. ఒకాయన, ఎవరో పనిగట్టుకుని చేశారని, ఎవరు చేశారో తనకి తెలుసని, పేరు మాత్రం చెప్పనని అరగంట మాట్లాడాడు. అందరికీ నేను సర్వర్ తప్పనే చెప్పాను. సర్వర్‌కి నోరు లేదు, నాకుంది.

చివరికి మాస్టారే చేశారు.

"నన్ను కూడానా అమ్మాయ్?"

ఆయనా శాలువా కప్పించుకున్నారని అప్పుడు గుర్తొచ్చింది. సర్వర్ అన్నాను.

"లెక్క ఎక్కడ తప్పిందో పై నుంచి మెట్టు మెట్టుగా రాసుకురా" అన్నారు. తొమ్మిదో తరగతిలో కూడా ఇదే గొంతు.

రాసుకున్నాను. రాసుకుంటుంటే తెలిసింది నా ఘనకార్యం. కీ.శే. తీసేయడం ఎంతసేపు? ఇంకో క్వెరీ. కానీ అందరికీ తీసేస్తే పోయినవాళ్లు కూడా లేచి కూర్చుంటారు. ఏ పేజీలో బోల్డ్ అంటే చావో, ఏ పేజీలో బోల్డ్ అంటే శాలువానో చెప్పేది అడుగున ఉన్న గమనిక ఒక్కటే. దాన్ని నా చేత్తో నేనే తుడిచేశాను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అప్పుడు నకలు తీసి దాచుకున్నాను. ఆ సాయంత్రానికి పేజీలన్నీ మూసేశాం. అప్పటికే చూడాల్సినవాళ్లు చూశారు, ఫోటోలు తీసి గ్రూపుల్లో పెట్టారు.

మాస్టారు తీర్పు చెప్పారు. ఈసారి మనిషికి ఒక వరస చొప్పున కొత్త పట్టిక కట్టాలి. ప్రతి పేరు పక్కనా 'పోయారా' అని ఒక గడి. పోతే ఒకటి, ఉంటే సున్నా. ఉన్నదీ లేనిదీ ఎవరికి వాళ్లకి ఫోన్ చేసి కనుక్కోవాలి. ఎవరు కనుక్కోవాలన్నది ఆయన చెప్పలేదు, నేను అడగలేదు.

బతికున్నారా అని మనిషిని అడగడానికి తెలుగులో మర్యాదైన మాట లేదు. నేను రెండు రోజులు వెతికాను. "సార్ బాగున్నారాండి?" అని మొదలుపెట్టి, అవతల గొంతు ఎటు పోతుందో చూసి, దాన్ని బట్టి నడుచుకోవడం అలవాటు చేసుకున్నాను. సామర్లకోటలో పంచదార ఫ్యాక్టరీలో చేసి రిటైరైన ఒకాయన ఇంటికి చేస్తే భార్య ఎత్తింది.

"ఆయన ఉన్నారాండి?"

"ఉన్నారండి. తలకి నూనె పెట్టుకుంటన్నారు. ఎందుకండి?"

"ఏం లేదండి. ఉన్నారు కదా, చాలు."

ఆవిడ ఏమనుకుందో నాకు తెలియదు. నేను సున్నా వేసి తర్వాతి పేరుకి వెళ్లాను.

మెట్లెక్కి వచ్చిందన్నానే, ఆవిడ మూడో రోజు మధ్యాహ్నం వచ్చింది. ముప్పై అయిదేళ్లుంటాయి. చేపల గంప కింద జిరాక్స్ షాపు పక్కన పెట్టి, చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుంటూ పైకి వచ్చింది. లోపలికి రాకుండా గుమ్మంలోనే నిలబడింది.

"పోయినోళ్ల పేర్లు రాసేది మీరేనాండి?"

నాకు మూడు రోజుల్లో ఆ పేరొచ్చింది. అవునన్నాను. ఆమె జాకెట్లోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసింది. మా వెబ్‌సైట్ పేజీ, ఎక్కడో ప్రింటు తీయించారు. అందులో ఒక పేరు కింద ఎర్ర పెన్నుతో గీత.

"మా ఆయనండి" అంది.

కూర్చోమంటే కూర్చోలేదు. నిలబడే చెప్పింది. రెండేళ్ల కిందట వాయుగుండం వచ్చినప్పుడు నలుగురు వేటకి వెళ్లిన బోటు తిరగబడింది. ముగ్గుర్ని ఇంకో బోటువాళ్లు ఎక్కించుకుని వచ్చారు. నాలుగో మనిషి ఈమె భర్త. దొరకలేదు. ఒడ్డుకీ కొట్టుకు రాలేదు. ఈమె కర్మలు చేయనివ్వలేదు, బొట్టు తీయనివ్వలేదు. ఒరిస్సా వైపు తేలినవాళ్లున్నారట, ఏళ్ల తర్వాత తిరిగొచ్చినవాళ్లున్నారట. ఉన్నారో లేదో నాకు తెలియదు. ఆమె చెబుతుంటే ఉన్నారనే అనిపించింది.

"మా బావగారు, ఆయన అన్నగారండి, రెండేళ్లు ఓపిక పట్టేడండి. మొన్న ఈ కాయితం చూపించేడు. బళ్లోవాళ్లే రాసేసేరు, ఇంక నువ్వొక్కదానివి కాదంటే అయిపోద్దా అన్నాడు. వచ్చే అమావాస్యకి దర్భలతో బొమ్మ చేసి దహనం పెడతారంటండి. పంతులుగారికి చెప్పేసేరు కూడాను. పదకొండో రోజుని నా బొట్టు తీస్తారు."

అమావాస్యకి అప్పటికి తొమ్మిది రోజులుంది.

ఆమె భర్త ఎప్పుడూ శాలువా కప్పించుకోలేదు, చనిపోయినట్టు ఎవరూ తేల్చలేదు. మరి ఆయన పేరు బోల్డ్‌లోకి ఎలా వచ్చింది? అదీ ఆమే చెప్పింది. రెండో టైపిస్టు మంచివాడు. పేరు ముందు కీ.శే. పెట్టనా అమ్మా అని ఇంటికి వచ్చి అడిగాడట. ఈమె వద్దంది. ఏమీ పెట్టకపోతే బాగుండదని ఆయనకి అనిపించిందో ఏమో, "అయితే అక్షరాలు లావుగా పెడతాను, అంతకంటే ఇంకేం రాయను" అని వెళ్లాడట. ఎవరూ నొచ్చుకోకుండా ఆయన చేసిన ఆ సర్దుబాటు మీదికి నా క్వెరీ లారీలా ఎక్కింది.

"అది సర్వర్ తప్పమ్మా" అన్నాను. అలవాటైపోయింది.

"ఎవరిదో ఒకరిది కదండి తప్పు" అంది ఆమె. "ఆ ఎవరో ఒకసారి వచ్చి మా బావగారికి చెప్తే చాలండి."

ఆమె నన్ను తిట్టి ఉంటే నేనూ నాలుగు మాటలు అనేదాన్ని. నాకది బాగా వచ్చు. ఆమె తిట్టలేదు. సిగ్గుతో నాకు చెవులు వేడెక్కాయి. ఎవరో కాదమ్మా, నేనే అన్నాను. ఆమె ఆశ్చర్యపోలేదు. రేపు పొద్దున్న వస్తారా అని మాత్రం అడిగింది.

మర్నాడు వెళ్లాను. బావగారు ఇంటి ముందు పాక కింద కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. అరవై దాటిన మనిషి, ఎండకి నల్లబడిన ఒళ్లు. నన్ను చూసి లేచి, లోపలి నుంచి కుర్చీ తెప్పించి వేయించాడు. కొబ్బరినీళ్లు ఇప్పించాడు. దారిలో నేను కట్టుకున్న మాటలన్నీ ఆ మర్యాదకి చెల్లాచెదురయ్యాయి. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఎవరూ ఏమీ తేల్చలేదని, నేను చూసుకోకుండా ఒకేసారి అందరికీ రాసేశానని, మీ తమ్ముడుగారి సంగతి నాకు తెలియనే తెలియదని.

ఆయన చేతిలో వల పని ఆపలేదు. మొత్తం విన్నాడు.

"నాకు వాడి మీద పగ లేదమ్మా" అన్నాడు. "ఈ అమ్మాయి అలాగనుకుంటది. రెండేళ్ల నుంచి వాడికి ఒక్క ముద్ద పెట్టలేదు. కాకి అరిస్తే నాకు అన్నం సయించదు. వాడు ఆకలితో తిరగతన్నాడేమో. అది ఎవరు చూడాలి? నేను కాదా?"

గుమ్మం దగ్గర నిలబడిన ఆమె తల దించుకుంది. ఆయన వైపు నుంచి ఇలా ఒకటి ఉంటుందని నేను ఆలోచించలేదు. ఆయన్ని మొరటు మనిషి అనుకుని, దులిపెయ్యడానికి సిద్ధపడి వెళ్లాను.

"తప్పు రాసేనంటన్నావు కదా. మరి ఒప్పేంటో నువ్వే చెప్పు. వాడు ఉన్నాడని రాస్తావా?"

నేను కొబ్బరినీళ్ల గ్లాసు కింద పెట్టాను.

"సరే. సరిచేసి పెట్టు. నువ్వు సరిచేసింది చూసి, అప్పుడు పంతులుగారికేం చెప్పాలో చూస్తాను."

అలా అమావాస్య నా మెడకి చుట్టుకుంది. ఆఫీసుకి వచ్చి, ఆ బ్యాచ్ పేజీ ముందు పూర్తిచేయాలని కూర్చున్నాను. మిగతా పేర్లన్నీ తేలిపోయాయి. ఆమె భర్త పేరు ఒక్కదాని దగ్గర ఆగాను. ఒకటి వేస్తే ఆమె బొట్టు నేనే తుడిచినట్టు. సున్నా వేస్తే ఆ అన్నగారు జీవితాంతం కాకికి ముద్ద పెట్టకుండా ఉండాలని నేను ఆజ్ఞ వేసినట్టు. రెండిటికీ నాకు ఆధారం లేదు. మాస్టారికి ఫోన్ చేసి అడిగితే, "తెలియని రాశిని తెలియని రాశిగానే ఉంచాలమ్మా" అన్నారు. ఆయనకి అది లెక్కే.

డేటాబేస్‌లో దానికి వీలుంది. గడిని ఖాళీగా వదిలేయొచ్చు. ఖాళీ అంటే సున్నా కాదు, ఒకటీ కాదు, మాకు తెలియదు అని అర్థం. ఆ గడి ఖాళీగా వదిలి, పేజీ తెరిచాను. చాలా గొప్పగా అనిపించింది. ఎవరికీ అన్యాయం చేయకుండా తప్పించుకున్నానని, ఇంత తెలివి ఇంకెవరికుంటుందని నన్ను నేను మెచ్చుకున్నాను.

మర్నాడు పొద్దున్నే ఆమె ఫోన్.

"అమ్మగారండీ, మా ఆయన పేరు లేదండి."

"కీ.శే. తీసేశానమ్మా. అందుకే అలా కనిపిస్తోంది."

"కీ.శే. కాదండి, పేరే లేదండి. ఉన్నోళ్లలో లేదు, పోయినోళ్లలో లేదు. బావగారు మూడుసార్లు చదివించుకున్నాడండి. లేదని చెప్తే చొక్కా ఏసుకుని బయటికెళ్లిపోయేడు. ఎక్కడికెళ్లేడో తెలీదండి."

నేను కంప్యూటర్ తెరిచి చూసి తల పట్టుకున్నాను. కొత్త పేజీని రెండు క్వెరీలు కట్టిపెడతాయి. గడిలో సున్నా ఉన్నవాళ్లందరినీ పైన రాయి. ఒకటి ఉన్నవాళ్లందరినీ కీ.శే. చేర్చి కింద రాయి. ఖాళీ గడి సున్నాకి సమానమా అంటే డేటాబేస్ తెలియదంటుంది. ఒకటికి సమానమా అంటే అదీ తెలియదంటుంది. అది తెలియదన్న మనిషిని ఏ జాబితాలోనూ చేర్చదు. ఈ పనిలో మొదటి నెలలోనే ఎవరైనా నేర్చుకునే సంగతి ఇది. పదిహేనేళ్ల అనుభవం ఉన్నదాన్ని నేను. ఒకసారి ఆ మనిషిని చంపాను, రెండోసారి అసలు పుట్టనే లేదన్నట్టు చేశాను.

బావగారు ఎక్కడికి వెళ్లాడో గంటలో తెలిసింది. మెట్ల మీద బరువైన అడుగుల చప్పుడు వినిపించింది. ఆయన చెప్పులు బయట విడిచి, లోపలికి వచ్చి, నా బల్ల ముందు నిలబడ్డాడు. కొట్టినా పడాల్సిందేనని నేను లేచి నిలబడ్డాను.

"వాడు పోయాడని రాసేవు, ఒప్పుకున్నాను" అన్నాడు. "తప్పు రాసేనన్నావు, అదీ ఒప్పుకున్నాను. అసలు ఆ బళ్లో చదవనే లేదంటే ఎలా ఒప్పుకునేది? వాణ్ణి బళ్లో ఏసింది నేను. చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి, పెద్ద మేష్టారి ముందు నిలబెట్టి పేరు రాయించింది నేను. మా ఇంటి మొత్తానికి పది పాసైంది వాడొక్కడే."

ఆయన కళ్లనీళ్లు తుడుచుకోలేదు. నాకు కూడా ఏడుపొచ్చింది, ఆపుకోలేదు. ఆఫీసులో మిగతావాళ్లు తల తిప్పుకుని పని చేసుకుంటున్నట్టు నటించారు.

"ఇప్పుడే పెడతాను, కూర్చోండి" అన్నాను. ఆయన కూర్చోలేదు. నా వెనక వచ్చి నిలబడ్డాడు.

పైన రాసే క్వెరీలో, సున్నా ఉన్నవాళ్లని అన్న చోట, గడి ఖాళీగా ఉన్నవాళ్లని కూడా అని చేర్చాను. అంతే. పేజీ మళ్లీ తెరిచాను. ఆయన వంగి, తెర మీద వేలు పెట్టి పై నుంచి ఒక్కో పేరూ దాటుకుంటూ వచ్చాడు.

"నాకు చదువు రాదు" అన్నాడు. "వాడి పేరు మట్టుకు గుర్తుపడతాను."

వేలు ఒక పేరు దగ్గర ఆగింది. అదే. దాని పైన మా బ్యాచ్‌లో ఇప్పుడు బ్యాంకులో పనిచేస్తున్న ఒకతను, కింద నేను. ఆ పేజీ మా బ్యాచ్ దేనని తెలిసీ, ఆయన చెప్పిన పదో తరగతి నా పదో తరగతేనని అప్పటిదాకా తట్టలేదు. మూడు రోజులుగా ఆ పేరుని నేనొక వరసగానే చూశాను. ఒకే గదిలో కూర్చున్న మనిషి ముఖం నాకు గుర్తు రాలేదు, ఇప్పటికీ రావడం లేదు. ఆయనకి ఆ సంగతి చెప్పే ధైర్యం లేకపోయింది.

"లావుగా పెట్టమంటారా?" అని అడిగాను.

"వద్దు. అందరితో పాటే ఉండనియ్యి." వేలు పేరు మొదటికి జరిపి, "ముందర ఏమీ లేదు కదా?" అన్నాడు.

"లేదండి."

ఆయన వేలు తీసి, తెర మీద పడ్డ మరకని చొక్కా అంచుతో తుడిచాడు.

"మా మరదలికి నేను చెప్తానులే. పంతులుగారికి కూడా నేనే చెప్పుకుంటాను, ఈ అమావాస్యకి రావద్దని."

గుమ్మం దాకా వెళ్లి, చెప్పులు వేసుకుంటూ వెనక్కి తిరిగాడు.

"ఎప్పుడైనా వాడి కబురు తెలిసిందనుకో, ఇది మార్చడానికి ఎంతసేపు పడద్దమ్మా?"

"ఒక్క నిమిషం చాలండి."

ఆయన తల ఊపాడు.

"తొందరేం లేదు" అని చెప్పి, గోడ పట్టుకుని నెమ్మదిగా మెట్లు దిగి వెళ్లాడు.